ఎత్తేది జాకీ, మోసేది స్టాండు

కమాను పట్టీ విరిగిన బస్సును దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ఆ పక్క టైరుకీ పైనున్న రేకుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు కూడా మిగలదు. గతుకులో పడ్డప్పుడల్లా రబ్బరు రాసుకున్న వాసన వస్తుంది. డిపోకి చేరాక దాన్ని బాగుచేయడంలో పెద్ద రహస్యమేమీ లేదు. పట్టీల కట్ట విప్పాలి, విరిగినదాన్ని తీసేయాలి, కొత్తది పేర్చి బిగించాలి. కష్టమంతా అంతకు ముందే ఉంది. ఆ కట్ట మీద టన్నుల బరువు కూర్చుని ఉంది. కట్టను తీయాలంటే ముందు ఆ బరువుకు ఇంకో చోటు చూపించాలి.

బస్సు బరువు నేలను చేరే దారి ఒకటుంది. ఫ్లోరు నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి కమాను కట్టలకి, కట్టల నుంచి ఇరుసుకి, ఇరుసు నుంచి చక్రాలకి, చక్రాల నుంచి రోడ్డుకి. 12 మీటర్ల పొడవున్న బస్సు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 10 టన్నులు తూగుతుంది. అందులో 6 టన్నుల దాకా వెనక ఇరుసు మీదే పడుతుంది. ఇరుసూ చక్రాలూ కలిసి ఒక టన్ను అనుకుంటే, మిగిలిన 5 టన్నులు వెనకవైపు రెండు కట్టల మీద ఉన్నట్టు. అంటే ఒక్కో కట్ట మీద రెండున్నర టన్నులు. జనం ఎక్కితే ఈ లెక్క చాలా పెరుగుతుంది. నాలుగు టైర్ల ఇరుసు మీద మన దేశంలో 2018 నుంచి 11.5 టన్నుల వరకూ అనుమతి ఉంది. రోడ్డు మీద టైరు మార్చేటప్పుడు కూడా ప్రయాణికులందరినీ దించేయడం ఇందుకే. అర్ధరాత్రి నిద్ర పాడైందని విసుక్కున్నా సరే, దించాల్సిందే. లోపల ఒక మనిషి అటూ ఇటూ నడిచినా కింద జాకీ మీద పడే బరువు మారుతుంది.

మరమ్మతు చేసేవాడు ప్రతి అడుగులోనూ వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ క్షణంలో బరువు ఏ దారిన నేలకు దిగుతోంది? ఇల్లు కట్టేటప్పుడు స్లాబు గట్టిపడేదాకా సెంట్రింగ్ కర్రలు బరువు మోస్తాయి. ఏ కర్ర దేన్ని మోస్తోందో తెలియకుండా మేస్త్రీ ఒక్కదాన్ని కూడా లాగడు. బస్సు కింద పనీ అంతే, కాకపోతే ఇక్కడ కర్రలు పెట్టేదీ తీసేదీ ఒకే పూటలో.

ముందు జాకీ సంగతి చూద్దాం. పది టన్నుల జాకీని ఒక్క చేత్తో మోసుకెళ్లవచ్చు. అంత చిన్న వస్తువు బస్సును ఎలా లేపుతుంది? మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. ఆ మాట ఉన్న గ్రంథం ఆయన పోయిన మరుసటి ఏడు, 1663లో అచ్చయింది. లండన్‌లో తాళాల తయారీకి పేరుపడ్డ జోసెఫ్ బ్రామా 1795లో ఆ సూత్రంతో నీటి ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. న్యూయార్క్‌లో రిచర్డ్ డడ్జన్ 1851లో, చేతిలో పట్టుకెళ్లగల జాకీకి పేటెంటు పొందాడు. నేటి లారీ క్లీనర్ సీటు కింద ఉండేది దాని వారసురాలే.

లెక్క వేసి చూద్దాం. జాకీలో రెండు పిస్టన్లు ఉంటాయి. చిన్నదాని వ్యాసం 12 మిల్లీమీటర్లు, బరువు ఎత్తే పెద్దదాని వ్యాసం 48 మిల్లీమీటర్లు అనుకోండి. వ్యాసం నాలుగింతలు కాబట్టి వైశాల్యం పదహారింతలు. పంపు కొట్టే కడ్డీ పొడవు చిన్న పిస్టన్ దగ్గర బలాన్ని ఇరవై రెట్లు చేస్తుంది. ఇరవైని పదహారుతో గుణిస్తే 320. చేత్తో 25 కిలోల బలం వేస్తే రాపిడికి పోయేది పక్కనపెట్టి 8 టన్నులు లేస్తాయి. దీనికి మూల్యం దూరంలో చెల్లిస్తాం. చిన్న పిస్టన్ 24 మిల్లీమీటర్లు దిగితే పెద్దది ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే లేస్తుంది. బస్సును 20 సెంటీమీటర్లు లేపాలంటే 130 సార్లకు పైగా పంపు కొట్టాలి.

ఇప్పుడు ఆ నూనె పరిస్థితి చూడండి. 8 టన్నులు మోస్తున్నప్పుడు జాకీలోని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 440 కిలోలు. బస్సు టైరులో గాలి ఒత్తిడి 8 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. అంటే టైరుకి యాభై రెట్ల పైన. ఆ ఒత్తిడిని ఆపుతున్నవి మూడే మూడు: పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు, శనగగింజంత కూడా లేని ఉక్కు గోళీ కూర్చున్న వాల్వు, జాకీని దింపడానికి తిప్పే మర. సీలు ముసలిదైపోవచ్చు. గోళీ కింద ఇసుక రేణువు చిక్కుకోవచ్చు. కాలు తగిలి మర వదులు కావచ్చు. మొదటి రెండింట్లో బస్సు చప్పుడు లేకుండా మిల్లీమీటరు మిల్లీమీటరుగా దిగుతుంది. మూడోదాంట్లో ఒక్కసారిగా దిగుతుంది.

ఒక్కసారిగా అంటే ఎంతసేపు? 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఏ వస్తువైనా నేలను చేరడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. కంటితో చూసింది మెదడుకి అంది, కండరం కదలడం మొదలుపెట్టడానికే మనిషికి ఇంచుమించు అంత సమయం కావాలి. ‘చప్పుడైతే బయటికి దొర్లేస్తాలే’ అనుకునేవాళ్లు ఈ అంకెను గట్టిగా మనసులో పెట్టుకోవాలి. చప్పుడు అర్థమయ్యేసరికి బస్సు దిగిపోయి ఉంటుంది. ఎంత చురుకైనవాడైనా, ఎంత అనుభవమున్నా ఇందులో మార్పు లేదు.

పాత స్క్రూ జాకీ ఈ విషయంలో నూనె జాకీ కంటే నమ్మకస్తురాలు. మర చుట్టు వాలు 3 డిగ్రీల లోపు ఉంటుంది. గ్రీజు రాసిన ఉక్కు మీద ఉక్కు తనంతట తాను జారాలంటే సుమారు 8 డిగ్రీల వాలు ఉండాలి. కాబట్టి ఎంత బరువు మీద పడినా స్క్రూ వెనక్కి తిరగదు. దీనికి మూల్యం మన చెమట: మనం పెట్టే శ్రమలో ముప్పాతిక వంతు రాపిడికే పోతుంది. తనంతట దిగిపోని ఏ స్క్రూ అయినా పెట్టిన శ్రమలో సగం కంటే తక్కువే తిరిగిస్తుందని యంత్రశాస్త్రం లెక్కగట్టి చూపిస్తుంది. ఆ వృథాయే ఇక్కడ రక్షణ.

అయితే స్క్రూ జాకీ అయినా మోయడానికి పనికిరాదు. దాని అడుగు జానెడు కూడా ఉండదు, తల గుప్పెడంతే. పక్క నుంచి కాస్త బలం తగిలితే ఒరిగిపోతుంది. మోయడానికి ఉన్నది ఉక్కు స్టాండు. కాళ్లు వెడల్పుగా పరుచుకుని ఉంటాయి, నడుమ గొట్టం, గొట్టంలో పైకి లాగే కడ్డీ, కడ్డీ ఎత్తును నిలిపే పిన్ను. ఇందులో నూనె లేదు, సీలు లేదు, వాల్వు లేదు. స్టాండులో ప్రాణమంతా ఆ పిన్నులోనే ఉంది. 25 మిల్లీమీటర్ల మామూలు ఉక్కు పిన్ను రెండు వైపులా ఆనుకుని ఉంటే దాదాపు 14 టన్నుల దాకా రూపు చెడదు. అసలు పిన్ను ఎక్కడో పోయిందని చేతికి దొరికిన 10 మిల్లీమీటర్ల చువ్వ దూరిస్తే 2 టన్నులు దాటగానే వంగడం మొదలవుతుంది. మన బస్సులో ఒక్కో స్టాండు మీద పడేది రెండున్నర టన్నులని పైన చూశాం. షెడ్లలో పిన్నును గొలుసుతో స్టాండుకే కట్టి ఉంచుతారు. చాలా మంచి అలవాటు అది.

ఇక హ్యాండ్ బ్రేకు. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే ఎంతో తెలిసినవాళ్లు కూడా ఇక్కడ మోసపోతారు. బ్రేకు వేశాం కాబట్టి బస్సు కదలదు అనుకుంటాం. బ్రేకు ఆపేది చక్రాన్ని. చక్రం నేల మీద ఆనుకుని ఉంటేనే అది బస్సును ఆపగలదు. బస్సుల్లో నిలుపుదల బ్రేకు సాధారణంగా వెనక చక్రాలకే ఉంటుంది. వెనక ఇరుసును జాకీతో లేపామంటే బ్రేకు ఉన్న చక్రాలు గాల్లో ఉంటాయి, నేల మీద ఉన్న ముందు చక్రాలకు ఆ బ్రేకే లేదు. నేల ఒక్క డిగ్రీ వాలుగా ఉన్నా 10 టన్నుల బస్సు 175 కిలోల బలంతో పల్లానికి పోవాలని చూస్తుంది. కంటికి ఆ వాలు కనిపించను కూడా కనిపించదు. జాకీని పడదోయడానికి 175 కిలోలు చాలా ఎక్కువ.

కొన్ని వాహనాల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. గేరు బాక్సు వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది. అక్కడ ఇంకో చిత్రం జరుగుతుంది. షాఫ్టుకీ రెండు వెనక చక్రాలకీ మధ్య డిఫరెన్షియల్ ఉంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగడానికి ఏర్పాటు చేసిన పళ్ల చక్రాల పెట్టె అది. షాఫ్టును బిగించేసి ఒక వెనక చక్రాన్ని ముందుకు తిప్పితే రెండోది అంతే వేగంతో వెనక్కి తిరుగుతుంది. రెండూ నేల మీద ఉన్నప్పుడు అలా ఎదురెదురుగా తిరగలేవు కాబట్టి బస్సు కదలకుండా ఉంటుంది. ఒక్కదాన్ని జాకీతో లేపామా, అది గాల్లో హాయిగా వెనక్కి తిరుగుతుంది, నేల మీదిది ముందుకు దొర్లుతుంది, బస్సు జాకీ మీంచి జారిపోతుంది. హ్యాండ్ బ్రేకు మాత్రం బిగించినట్టే ఉంటుంది! ఇంజన్ ఆపి గేరులో వదిలేసినా ఇదే కథ. అందుకని నేల మీద ఉండిపోయే చక్రాలకు ముందూ వెనకా రెండు వైపులా అడ్డుచెక్కలు పెట్టాలి. జాకీ పెట్టకముందే పెట్టాలి. హైవే మీద రాయి పెడతారు. కోణంగా కోసిన చెక్క అయితే టైరుకి ఒద్దికగా ఆనుతుంది, జారదు. రాయి పెట్టినవాళ్లు పోతూ పోతూ దాన్ని రోడ్డు మీదే వదిలేయడం మరీ ఘోరం. తర్వాత రాత్రివేళ వచ్చే మోటారు సైకిలువాడికి అది కనబడదు.

బస్సు సరే, కింద నేల మాటేమిటి? స్టాండు కాళ్లు నాలుగూ ఒక్కోటి అయిదు సెంటీమీటర్ల పలకలనుకుంటే రెండున్నర టన్నులు 100 చదరపు సెంటీమీటర్ల మీద పడతాయి. చదరపు సెంటీమీటరుకు 25 కిలోలు, అంటే టైరు వేసే ఒత్తిడికి మూడింతలు. సిమెంటు గచ్చు దీన్ని లెక్కచేయదు. తారురోడ్డు అలా కాదు. మన రోడ్లకు విస్తారంగా వాడే వీజీ-30 రకం తారు 47 డిగ్రీల దగ్గర నుంచీ మెత్తబడవచ్చు. మే నెల మధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో రోడ్డు పైపొర అంతకంటే చాలా వేడెక్కుతుంది. పొద్దున నిలబడ్డ స్టాండు మధ్యాహ్నానికి ఒక కాలు కిందికి దిగబడి ఒరగవచ్చు. కింద 30 సెంటీమీటర్ల చదరపు ఉక్కు పలక వేస్తే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 3 కిలోల లోపుకి పడిపోతుంది. అంత చిన్న పలక చేసే మేలు అంతింత కాదు.

ఎత్తు చాలకపోతే ఇటుకలు పేర్చేవాళ్లున్నారు. ఇటుక మొత్తం మీద సమానంగా పడితే చాలా బరువే మోస్తుంది. కానీ ఇనుప అంచు ఒక్కచోట ఆనితే అక్కడ పగులు పుట్టి, కన్ను మూసి తెరిచేలోగా రెండు ముక్కలవుతుంది. ఏ హెచ్చరికా ఉండదు. బోలు సిమెంటు దిమ్మలు మరీ అన్యాయం. గట్టి కర్ర మొద్దు అలా మోసం చెయ్యదు. ముందు నలుగుతుంది, కిరకిరలాడుతుంది, పీచు లేస్తుంది. తప్పుకోవడానికి మనకు వ్యవధి ఇస్తుంది. పాతకాలం మేస్త్రీలు మొద్దులను ఒక వరస అడ్డం, ఒక వరస నిలువు పేర్చి దాని మీద బండ్లు నిలిపేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ సరైనదే.

ఇక పని దగ్గరికి వెళదాం. డిపోలో ఇద్దరు వెనక ఎడమ కట్ట మారుస్తున్నారు, ఒక మేస్త్రీ, ఒక కుర్రాడు. ముందు చక్రాలకు అడ్డుచెక్కలు పడ్డాయి. నేల మీద ఉండగానే చక్రాల నట్లను వదులు చేశారు. బిగుసుకుపోయిన నట్టును మీటరు పొడవు గొట్టం తగిలించి లాగే పని బస్సు లేచాక చెయ్యకూడదు. జాకీని ఇరుసు కింద, కట్టకు దగ్గరగా పెట్టి కొంచెం లేపారు. ఇక్కడ ఒక చిక్కుంది. చక్రాలు ఊడదీయడానికి ఇరుసును లేపితే చాలు. కట్టను తీయాలంటే మాత్రం ఛాసిస్‌ను ఆపాలి, ఇరుసు కిందికి వేలాడాలి. ఇరుసు కింద మాత్రమే స్టాండు పెట్టి కట్ట విప్పితే ఛాసిస్‌కూ స్టాండుకూ మధ్య ఏమీ మిగలదు. అందుకని లేపింది ఇరుసు దగ్గరైనా, స్టాండ్లు రెండూ ఛాసిస్ దూలాల కిందికి వెళ్లాలి.

“అన్నా, జాకీ గట్టిగానే ఉంది. దూరి యూ బోల్టులకు నూనె కొట్టేయనా?”

“స్టాండు పడకుండా చెయ్యి కూడా లోపలికి పోకూడదురా. ముందు ఆ రెండోది పట్రా.”

స్టాండ్లు పెట్టి, జాకీని మెల్లగా వదిలి, ఛాసిస్ వాటి మీద కూర్చోనిచ్చారు. మేస్త్రీ ప్రతి స్టాండు దగ్గరా వంగి చూశాడు. దూలం నడిమధ్యలో కూర్చుందా, నాలుగు కాళ్లూ నేలను తాకుతున్నాయా. తాకుతున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి ఒక కాగితం ముక్కను కాలు కింద దూర్చి చూశాడు. దూరితే ఆ కాలు మోయడం లేదన్నమాట. తర్వాత బయట నిలబడే బస్సును భుజంతో గట్టిగా నెట్టాడు. కదిలేదేదైనా ఉంటే కింద మనిషి లేనప్పుడే కదలాలి.

బస్సు లేస్తున్నప్పుడు నిట్టనిలువుగా లేవదు, ముందు చక్రాలను ఆధారం చేసుకుని వంపుగా లేస్తుంది. ఇరుసుల మధ్య 6 మీటర్లున్న బస్సు వెనకభాగాన్ని 30 సెంటీమీటర్లు లేపితే ఆ వంపు వల్ల అది 7 మిల్లీమీటర్లకు పైగా ముందుకు జరుగుతుంది. జాకీ తల దానితో పాటు జరిగి, అడుగు అక్కడే ఉండిపోతే జాకీ ఒరుగుతుంది. కొంచెం లేపడం, స్టాండు ఎత్తు పెంచడం, జాకీ దించి సరిచేయడం, మళ్లీ లేపడం అన్న నిదానమైన పద్ధతికి కారణం ఇదే.

స్టాండ్ల మీదికి బరువు మారినా కట్టలో బిగువు పూర్తిగా పోదు. రెండున్నర టన్నుల కింద 10 సెంటీమీటర్లు వంగిన కట్టలో దాగిన శక్తి, 50 కిలోల బరువు రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చేంత. ఛాసిస్ తగినంత లేచి, ఇరుసు దిగి, కట్ట తన సహజమైన వంపుకు వచ్చాకే, దాన్ని ఇరుసుకు బిగించి ఉంచే యూ బోల్టుల మీద స్పానరు పడాలి. చక్రాలు తీసిన ఇరుసును జాకీ ఇప్పుడు కింద నుంచి పట్టుకుని ఉంటుంది. ఇక్కడ జాకీకి అసలైన ఉద్యోగం దొరుకుతుంది. ఇరుసును ఒక మిల్లీమీటరు పైకి, ఒక మిల్లీమీటరు కిందికి జరుపుతూ, కొత్త కట్టలోని పట్టీలను కలిపి పట్టుకునే సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూర్చునేలా చూస్తారు. ఇరుసు ఎటూ ఒరగకుండా దాని కింద కూడా మొద్దులు ఉంటాయి.

గాలి బుడగల మీద నడిచే బస్సులకు ఇదంతా వర్తిస్తుంది, పైన ఇంకొంత ప్రమాదం చేరుతుంది. ఆ బుడగను బెలో అంటారు. 25 సెంటీమీటర్ల వ్యాసమున్న రబ్బరు బెలోలో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల గాలి ఉంటే అది సుమారు రెండున్నర టన్నులు మోస్తుంది. వెనక ఇరుసు మీద సాధారణంగా అలాంటివి నాలుగుంటాయి. ఇదే గాలి బ్రేకుల్లో ఇంకోలా పని చేస్తుంది. అక్కడ నిలుపుదల బ్రేకును పట్టి ఉంచేది ఉక్కు స్ప్రింగు, గాలి దాన్ని విడిపిస్తుంది. గాలి పోతే బ్రేకు పడుతుంది, బస్సు ఆగుతుంది. సస్పెన్షన్‌లో గాలి పోతే బస్సు కింద కూర్చుంటుంది. గాలి ఒకటే, ఒకచోట లేకపోవడం రక్షణ, ఇంకోచోట లేకపోవడం గండం. ఏ గొట్టం విప్పుతున్నామో తెలిసి విప్పాలి.

బస్సు ఎత్తును చూసుకునేది లెవలింగ్ వాల్వు. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక సన్నని కడ్డీ ఉంటుంది. బస్సు దిగితే కడ్డీ వాల్వును తెరిచి గాలి పంపుతుంది, లేస్తే గాలి వదిలేస్తుంది. ఛాసిస్‌ను జాకీతో లేపితే పాపం దానికేం తెలుసు? బస్సు మరీ పైకి పోయిందనుకుని బెలోలోని గాలంతా వదిలేస్తుంది. ఇప్పుడు జాకీ దించితే బస్సు ముందున్న ఎత్తు దగ్గర ఆగదు, రబ్బరు దిమ్మల దాకా దిగిపోతుంది. కింద పడుకుని చూస్తున్నవాడి మోచెయ్యి తగిలి ఆ కడ్డీ కదిలినా చాలు, బస్సు అతని మీదికి దిగుతుంది. కాబట్టి ఛాసిస్ ముందు ఉక్కు మీద కూర్చోవాలి, తర్వాతే గాలి వదలాలి. కొన్ని ఎలక్ట్రిక్ బస్సుల్లో బ్యాటరీలు పైకప్పు మీద ఉంటాయి. బరువు పైకి పోయేకొద్దీ కొంచెం ఒరిగినా పడే ప్రమాదం ఎక్కువ. బ్యాటరీలు ఫ్లోరు కింద ఉంటే అక్కడ జాకీ ఆనిస్తే పెట్టె నలుగుతుంది. తయారుచేసినవాళ్లు గుర్తు పెట్టిన చోట తప్ప ఇంకెక్కడా ఆనించకూడదు.

దించేటప్పుడు వరస తిరగబడుతుంది. చక్రాలు ఎక్కించి, కిందున్న పనిముట్లూ మనుషులూ బయటికి వచ్చారని పేరుపేరునా చూసుకుని, జాకీతో ఇంత లేపి స్టాండ్లు తీసి, మరను కొద్దికొద్దిగా వదులుతూ దించుతారు. యూ బోల్టుల చివరి బిగింపు అప్పుడే. బస్సు బరువు కట్ట మీద పడి పట్టీలు ఒకదానికొకటి హత్తుకున్నాక, టార్క్ రెంచితో, ఎదురెదురు నట్లను మార్చి మార్చి బిగిస్తారు. ఇరుసును జరగకుండా ఉంచేది ఆ బిగువు పుట్టించే రాపిడి. సెంటర్ బోల్టు ఒక్కటీ ఆ పని చెయ్యలేదు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగేసరికి పట్టీల మధ్య రంగూ తుప్పూ నలిగి కట్ట కాస్త పలచబడుతుంది, బోల్టులు వదులవుతాయి. అప్పుడు బస్సును పిట్ మీదికి తెచ్చి, తన టైర్ల మీదే నిలబెట్టి, ఆ నట్లను ఇంకోసారి బిగించాలి.